పై చదువుల ప్రవేశ పరీక్షలో లెక్కలు: మన పిల్లలు మార్కులు పెంచుకొనే దారి

షోలాపురం, భివండీ, బెంగుళూరు, దొడ్డబళ్ళాపురం, సేలం, కోయంబత్తూరు, బరంపురం, యానాం - ఎక్కడ స్థిరపడిన తెలుగు నేత కుటుంబాన్ని చూచినా ఈనాడు ఒక మార్పు కనబడుతున్నది. తాత మగ్గం గుంటలో కూర్చుని జీవితం గడిపినాడు. తండ్రి మగ్గమో, మరమగ్గమో, నూలు వ్యాపారమో నడుపుకొన్నాడు. మనుమడో, మనుమరాలో ఇంజనీరింగు గాని, బి.యస్సి. గాని పూర్తిచేసి, పై చదువు కొరకు అమెరికా వెళ్ళవలెనని అడుగుతున్నారు. ఆ దారిలో ఎదురయ్యే ద్వారాలలో ఒకటి జి.ఆర్.ఇ. అనే పరీక్ష. అందులో ఒక ప్రధాన భాగం లెక్కలు.

ఈ పరీక్ష రుసుము మన ఇళ్ళకు చిన్న మొత్తం కాదు. వ్రాసిన ప్రతిసారి మళ్ళీ కట్టవలెను. దానికితోడు శిక్షణ కేంద్రాల రుసుము వేరు. ఈ డబ్బు మగ్గం మీద వచ్చిన కూలి నుండో, పేక నూలు కొనడానికి దాచిన మొత్తం నుండో, అప్పు నుండో వస్తుంది. కావున ఆ పరీక్ష ఎట్టిది, అందులో లెక్కల మార్కులు ఎందుకు తగ్గుతున్నవి, ఎట్లా పెంచుకోవచ్చును అనే సంగతులు పిల్లలే గాక తల్లిదండ్రులు కూడా తెలుసుకొనుట మంచిది.

మొదట అడగవలసిన ప్రశ్న

అసలు ఆ పరీక్ష మన బిడ్డకు అవసరమా అనేది మొదటి ప్రశ్న. 2020లో వచ్చిన మహమ్మారి తరువాత అమెరికా విశ్వవిద్యాలయాలలో అనేక విభాగాలు జి.ఆర్.ఇ. తప్పనిసరి అన్న నియమాన్ని తీసివేసినవి. కొన్ని మళ్ళీ పెట్టినవి. మరికొన్ని, ఇష్టమైతే పంపవచ్చునని చెబుతున్నవి. ఒకే విశ్వవిద్యాలయంలో ఒక విభాగం అడుగుతుంది, పక్క విభాగం అడగదు. కావున చేరదలచిన విభాగం ప్రకటించిన నియమాలను ముందు చదివి, తరువాతనే రుసుము కట్టవలెను. వ్యాపార పరిపాలన చదువదలచినవారికి జీమ్యాట్ అనే మరొక పరీక్ష కలదు. చాలా వ్యాపార విద్యాలయాలు రెండింటిలో దేనినైనా అంగీకరిస్తాయి. మన దేశంలోనే ఐ.ఐ.టి.లలో ఎం.టెక్. చదువదలచినవారికి గేట్ అనే పరీక్ష వేరుగా ఉన్నది. ఒక పరీక్షకు చేసిన సాధన మరొకదానికి పూర్తిగా సరిపోదు. ఏ ఊరికి పోవలెనో తేల్చుకొన్న తరువాతనే కదా బండి ఎక్కుట!

పరీక్ష స్వరూపం

జి.ఆర్.ఇ. 1930ల దశకంలో అమెరికాలో పుట్టినది. 1947లో ఏర్పడిన ఇ.టి.ఎస్. అనే సంస్థ దానిని నిర్వహిస్తున్నది. 2011 ఆగస్టు వరకు ఒక్కొక్క భాగానికి 200 నుండి 800 వరకు మార్కులు వేసేవారు. అప్పటినుండి 130 మొదలు 170 వరకు, ఒక్కొక్క మార్కు చొప్పున వేస్తున్నారు. 2023 సెప్టెంబరులో పరీక్షను సగానికి సగం కుదించి 1 గంట 58 నిమిషాలకు తెచ్చినారు.

ఇప్పుడు లెక్కల భాగంలో రెండు విభాగాలున్నవి. మొదటిదానిలో 12 ప్రశ్నలు, 21 నిమిషాలు. రెండవదానిలో 15 ప్రశ్నలు, 26 నిమిషాలు. మొత్తం 27 ప్రశ్నలకు 47 నిమిషాలు. అనగా ఒక్కొక్క ప్రశ్నకు సుమారు 1 నిమిషం 45 సెకండ్లు. మొదటి విభాగంలో ఎట్లా వ్రాసినామో దానినిబట్టి రెండవ విభాగం సులభంగానో కఠినంగానో వస్తుంది. మొదటిది బాగా వ్రాసినవారికి రెండవది కఠినంగా వచ్చునుగాని, పై మార్కులకు దారి అదే. కావున రెండవ విభాగం కష్టంగా ఉన్నదని పిల్లలు గుండె జారవిడువరాదు. అది మంచి శకునమే.

తప్పు జవాబుకు మార్కులు కోయరు. కావున ఏ ప్రశ్ననూ ఖాళీగా విడువరాదు. ఒక విభాగంలో ఉన్నంతసేపు ముందుకు, వెనుకకు పోవచ్చును. సందేహమున్న ప్రశ్నకు గుర్తుపెట్టి మళ్ళీ రావచ్చును. కంప్యూటరు తెరమీద ఒక చిన్న లెక్కల యంత్రం కూడా ఇస్తారు. అది కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలం చేస్తుంది.

మార్కుల విషయమై తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. పిల్లవాడు 150 తెచ్చుకొంటే, "170కి 150 అంటే నూటికి 88 కదా, భేష్!" అని తండ్రి సంతోషించుట కద్దు. లెక్క అది కాదు. ఈ కొలబద్ద 130 దగ్గర మొదలవుతుంది గాని సున్న దగ్గర కాదు. 130కి 170కి నడుమ సరిగా మధ్య గీత 150. పైగా మార్కుతోపాటు, మనకంటె తక్కువ తెచ్చుకొన్నవారు నూటికి ఎందరో తెలిపే అంకె ఒకటి ఇస్తారు. లెక్కల భాగంలో గట్టివారు ఎక్కువమంది వ్రాస్తారు గనుక, ఇంగ్లీషు భాగంలో 160కి వచ్చే స్థానం కంటె లెక్కల భాగంలో 160కి వచ్చే స్థానం బాగా క్రిందుగా ఉంటుంది. ఆ అంకెను కూడా చూచి అంచనా వేసుకోవలెను.

ఇంజనీరు చదివినవానికి మార్కులు ఎందుకు తగ్గుతవి?

ఈ పరీక్షలో కలనగణితం లేదు. త్రికోణమితి లేదు. అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, అంకెల పట్టికలను అర్థం చేసికొనుట - ఈ నాలుగే. ఇంచుమించు అంతా మన హైస్కూలులో చెప్పిన పాఠమే. అయినను నాలుగేండ్లు ఇంజనీరింగు చదివినవారు ఇందులో తడబడుతున్నారు. దానికి మూడు కారణాలు కలవు.

మొదటిది, చిన్ననాటి లెక్కలు మరచిపోవుట. శాతాలు, నిష్పత్తులు, భాజకాలు, శేషాలు చేసి ఆరేడేండ్లయి ఉంటుంది. రెండవది, చులకనభావం. "ఇది పదవ తరగతి లెక్కే కదా" అని సాధన చేయకుండా పోవుట. మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ పరీక్ష అడిగేది సూత్రాన్ని కాదు, జాగ్రత్తను. ప్రశ్నలోని ఒక్క మాట జారితే జవాబు మారిపోతుంది. తప్పు చేసేవారికి ఏ జవాబు వస్తుందో ముందే ఊహించి, దానిని కూడా ఇచ్చిన జవాబులలో పెట్టి ఉంచుతారు. అందుచేత "నా జవాబు అక్కడ ఉన్నది గనుక సరియే" అనుకొనరాదు.

అచ్చులలో ఒక్క పోగు తప్పు కన్నులోగుండా పోతే బట్ట పొడవునా ఆ గీత కనబడుతుంది. ఆ సంగతి మన ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు. ఈ పరీక్షకు కావలసిన బుద్ధి అటువంటిదే.

మగ్గం దగ్గరి లెక్కే అక్కడి లెక్క

మన పెద్దలు పుంజాల లెక్కన పడుగు పోగులు ఎంచుకొన్నవారు. నూలు నంబరు చూచి ఎన్ని చిలపలు కావలెనో నోటిలెక్కగా చెప్పినవారు. ఆ లెక్కలనే ఈ పరీక్ష వేరే వేషంలో అడుగుతుంది. కొన్ని ఉదాహరణలు చూతము.

నూలు నంబరు: ఒక పౌను బరువులో 840 గజాల చిలపలు ఎన్ని ఉంటవో అదే నూలు నంబరు. 40 నంబరు నూలు పౌనుకు 40 చిలపలు. 60 నంబరు నూలు పౌనుకు 60 చిలపలు. ఇప్పుడు 40 నంబరు పోగు ఒకటి, 60 నంబరు పోగు ఒకటి కలిపి జంటపోగు చేసినాము. పురిలో కలిగే కుదింపును లెక్కలోనికి తీసుకోకుంటే, ఆ జంటపోగు నంబరు ఎంత?

తొందరపడేవారు 40కి 60కి సగటు 50, రెండు పోగులు గనుక అందులో సగం 25 అంటారు. అది తప్పు. 840 గజాల 40 నంబరు నూలు బరువు పౌనులో 40వ వంతు. అంతే పొడవుగల 60 నంబరు నూలు బరువు పౌనులో 60వ వంతు. రెండూ కలిస్తే 1/40 + 1/60 = 5/120 = 1/24. కావున జంటపోగు 24 నంబరు.

ఇదే లెక్కను పరీక్షలో ఇట్లా అడుగుతారు: ఒక యంత్రం ఒక పనిని 40 గంటలలో చేయును, మరొకటి 60 గంటలలో చేయును, రెండూ కలిసి చేస్తే ఎంతసేపు? జవాబు 24 గంటలు. మరొక వేషం: ఒకడు గంటకు 40 మైళ్ళ వేగంతో పోయి, అదే దారిన 60 మైళ్ళ వేగంతో తిరిగి వచ్చినాడు, సగటు వేగమెంత? 50 కాదు, 48. దూరం 120 మైళ్ళనుకొంటే పోవడానికి 3 గంటలు, రావడానికి 2 గంటలు, 240 మైళ్ళకు 5 గంటలు, కనుక 48. మూడు ప్రశ్నలకూ లోపలి పోగు ఒక్కటే. "గంటకు ఇంత, పౌనుకు ఇంత, రోజుకు ఇంత" అన్న అంకెలను నేరుగా సగటు చేయరాదు. తలక్రిందులు చేసి కూడవలెను. ఈ ఒక్క సంగతి మనసుకు పట్టితే ఒక తరహా ప్రశ్నలన్నీ లొంగుతవి.

శాతాలు: చీర ధరను నూటికి 20 పెంచి, పండుగకు నూటికి 20 రిబేటు ఇచ్చినాము. పాత ధరకే వచ్చినట్లా? కాదు. 100 రూపాయలు 120 అయినది. 120లో నూటికి 20 అనగా 24 తగ్గి 96 అయినది. నాలుగు రూపాయలు నష్టం. నూటికి 25 పెంచి నూటికి 20 తగ్గిస్తే మాత్రం సరిగా పాత ధరకు వస్తుంది. అట్లే బట్ట పొడవు నూటికి 10 పెంచి, వెడల్పు నూటికి 10 తగ్గిస్తే వైశాల్యం మారదనుకొనుట పొరపాటు, 1.1 × 0.9 = 0.99, నూటికి ఒక వంతు తగ్గినది. శాతం అనే మాట కనబడిన చోటల్లా "దేనిలో శాతం?" అని అడుగవలెను.

గుణిజాలు: అంచులో పువ్వు 12 పేకలకొకసారి, ఒడలిలో బుటా 18 పేకలకొకసారి వస్తే, రెండూ కలిసి మళ్ళీ మొదలయ్యేది 36 పేకలకు. నేసేవానికి ఇది వింత కాదు. పరీక్షలో ఇట్లా అడుగుతారు: ఒక సంఖ్య 12 చేత, 18 చేత నిశ్శేషంగా భాగింపబడుతుంది, ఐతే 6, 9, 24, 36లలో ఏ ఏ సంఖ్యల చేత అది తప్పక భాగింపబడును? ఆ సంఖ్య 36 యొక్క గుణిజం. కావున 6, 9, 36 సరియైనవి. 24 సరి కాదు, ఏలనన ఆ సంఖ్య 36 మాత్రమే కావచ్చును గదా. ఇటువంటి ప్రశ్నలో సరియైన జవాబులన్నీ గుర్తించవలెను. ఒకటి విడిచినా, ఒకటి ఎక్కువ పెట్టినా మార్కు లేదు. సగం మార్కు అన్నమాట లేదు.

ఎంపికలు: ఐదు రంగుల నూలు ఉన్నది. ఒడలికి ఒకటి, అంచుకు వేరొకటి వాడితే ఎన్ని రకాల చీరలు? ఒడలికి 5 విధాలు, అంచుకు మిగిలిన 4, మొత్తం 20. ఐతే ఐదు రంగులలో ఊరక రెండింటిని ఎన్నుకొనే విధాలు 10 మాత్రమే. మొదటిదానిలో ఏది ఒడలు, ఏది అంచు అన్న భేదం ఉన్నది, రెండవదానిలో లేదు. "వరుస మారితే వస్తువు మారునా?" అని అడిగి తేల్చుకోవలెను.

సగటు, చెదురుదనం: పదిమంది నేతగాండ్రకు కూలి తలకు 50 రూపాయలు పెంచితే, సగటు కూలి 50 రూపాయలు పెరుగుతుంది. వారి కూలి సగటునుండి ఎంత చెదరి ఉన్నదో తెలిపే ప్రామాణిక విచలనం మాత్రం మారదు. అందరి కూలిని రెట్టింపు చేస్తే సగటు రెట్టింపు, విచలనం కూడా రెట్టింపు. ఈ ప్రశ్నలో సూత్రం వేసి లెక్కించే పనే లేదు. అర్థం తెలిస్తే అర నిమిషంలో జవాబు చెప్పవచ్చును.

పోల్చి చూచే ప్రశ్నలు

మన పాఠశాలలలో లేని తరహా ప్రశ్న ఒకటి ఇందులో ఉన్నది. రెండు పరిమాణాలు ఇచ్చి, మొదటిది పెద్దదా, రెండవది పెద్దదా, రెండూ సమానమా, లేక చెప్పలేమా అని అడుగుతారు. ఎప్పుడూ ఈ నాలుగే జవాబులు. ఉదాహరణకు, మొదటి పరిమాణం ఎక్స్ యొక్క వర్గం, రెండవది ఎక్స్. ఏది పెద్ద?

చాలామంది ఎక్స్‌కు బదులు 2 వేసి, 4 పెద్దది గనుక మొదటిది అంటారు. కాని 1 వేస్తే రెండూ సమానం. 1/2 వేస్తే వర్గం 1/4. అప్పుడు రెండవదే పెద్ద. కావున సరియైన జవాబు "చెప్పలేము" అన్నదే. ఇటువంటి ప్రశ్నలో ఒక అంకె వేసి ఆగరాదు. సున్న, ఒకటి, ఒకటికి లోపలి భిన్నం, ఋణసంఖ్య, పెద్దసంఖ్య - ఈ ఐదింటిని వేసి చూచే అలవాటు చేసికోవలెను. ఐతే రెండు పరిమాణాలలోనూ అంకెలే ఉండి, తెలియని అక్షరం ఏదీ లేకుంటే, "చెప్పలేము" అన్నది ఎన్నటికీ జవాబు కాదు. అంకెలు ఉన్నవి గనుక ఎట్లైనా పోల్చవచ్చును.

పటాల విషయంలో కూడా ఒక నియమం కలదు. త్రిభుజాలు, వృత్తాలు మొదలైన బొమ్మలను కొలతకు సరిగా గీసినట్లు భావించరాదు. కంటికి లంబకోణంగా కనబడినా, లంబకోణమని వ్రాసి ఉంటేనే నమ్మవలెను. అంకెల పట్టికలకు చెందిన గ్రాఫులు మాత్రం కొలతకు సరిగా ఉంటవి. వాటిలో మరొక మెలిక చూచుకోవలెను: ఒక వస్తువు వాటా నూటికి 20 నుండి నూటికి 25కు పెరిగితే, పెరిగినది 5 శాతాంశాలు, వృద్ధి మాత్రం నూటికి 25. ఏది అడిగినారో చదివి చెప్పవలెను.

ఇంగ్లీషు మాటల చిక్కు

మన పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీయో కన్నడమో తమిళమో ఒడియానో మాట్లాడి, పది పన్నెండు తరగతుల వరకు ఆ ప్రాంతపు భాషలోనే చదివినవారు చాలామంది. వారికి లెక్క వచ్చును. లెక్క చెప్పిన ఇంగ్లీషు వాక్యం దగ్గర ఆగిపోతారు. ఇది తెలివితక్కువ కాదు. సుమారు ఏబది మాటలు గట్టిగా నేర్చుకొంటే తీరిపోయే కొరత.

"ఎట్ లీస్ట్ 5" అనగా 5 గాని అంతకు మించి గాని. "ఎట్ మోస్ట్ 5" అనగా 5 గాని అంతకు లోపు గాని. "మోర్ దాన్ 5" అన్నప్పుడు 5 చేరదు. "ఇంటిజర్" అనగా పూర్ణసంఖ్య. అందులో సున్న, ఋణసంఖ్యలు కూడా చేరుతవి. ఇది మరచినవారే ఎక్కువ తప్పులు చేసేది. "పాజిటివ్ ఇంటిజర్" అంటే మాత్రం 1 నుండి. "కాన్సిక్యూటివ్" అనగా వరుసగా వచ్చునవి. "డిస్టింక్ట్" అనగా ఒకదానికొకటి వేరైనవి. "రిమైండర్" అనగా శేషం. "మస్ట్ బి" అనగా అన్ని సందర్భాలలో తప్పనిసరి. "కుడ్ బి" అనగా ఒక్క సందర్భంలో కుదిరినా చాలును. సున్న సరిసంఖ్య. 1 ప్రధానసంఖ్య కాదు. 2 ఒక్కటే ప్రధానసంఖ్యలలో సరిసంఖ్య.

ఈ మాటలను చీటీలపై ఒకవైపు ఇంగ్లీషులో, రెండవవైపు తమకు బాగా తెలిసిన భాషలో అర్థం, ఒక చిన్న ఉదాహరణతో వ్రాసుకొని, రోజూ పది చొప్పున తిరగవేయవలెను. కండెలు చుట్టుతూ కూడా చేయగల పని ఇది.

మూడు నెలల సాధన

శిక్షణ కేంద్రానికి పోయినా పోకున్నా సాధన పద్ధతి ఒక్కటే. ఇ.టి.ఎస్. వారే లెక్కల పాఠమంతా ఒక పుస్తకంగా ఉచితంగా ఇస్తున్నారు. "పవర్‌ప్రెప్" అనే పేరుతో రెండు పూర్తి నమూనా పరీక్షలు కూడా ఉచితంగా ఇస్తున్నారు. అసలు పరీక్ష చేయువారే చేసిన ప్రశ్నలు గనుక వీటికి మించిన సామగ్రి లేదు. వేయి ప్రశ్నలు, రెండు వేల ప్రశ్నలు అని అమ్మే సంపుటాలకు డబ్బు పోయుటకు ముందు వీటిని పూర్తిచేయవలెను.

మొదటి వారం: ఒక నమూనా పరీక్షను గడియారం పెట్టుకొని, అసలు పరీక్షవలె వ్రాయవలెను. ఇప్పుడు మనమెక్కడ ఉన్నామో అదే చెబుతుంది. రెండవ పరీక్షను చివరి వరకు దాచవలెను.

రెండవ వారం నుండి ఐదవ వారం వరకు: వారానికొక భాగం చొప్పున అంకగణితం, బీజగణితం, రేఖాగణితం, పట్టికలు. ఈ నెలలో గడియారం వద్దు. సరిగా చేయుటయే ముఖ్యం.

ఆరవ వారం నుండి తొమ్మిదవ వారం వరకు: అన్ని భాగాలూ కలిపి, 12 ప్రశ్నలకు 21 నిమిషాలు, 15 ప్రశ్నలకు 26 నిమిషాలు పెట్టుకొని చేయవలెను. మొదటి చుట్టులో వచ్చినవన్నీ చేసి, రెండు నిమిషాలకు కదలని ప్రశ్నకు ఒక జవాబు పెట్టి, గుర్తు వేసి, ముందుకు పోవలెను. రెండవ చుట్టులో గుర్తు వేసినవి చూడవలెను. కఠినమైన ప్రశ్నకూ సులభమైన ప్రశ్నకూ ఆ విభాగంలో విలువ ఒక్కటే. ఒక్కదానిమీద ఐదు నిమిషాలు పోగొట్టుకొంటే వచ్చే మూడింటిని పారవేసుకొన్నట్లే.

పదవ వారం నుండి పన్నెండవ వారం వరకు: పాత తప్పులను తిరిగి చేయుట, దాచిన నమూనా పరీక్ష వ్రాయుట, చివరి రెండు రోజులు విశ్రాంతి.

ఈ అన్నిటికంటె ఎక్కువ ఫలమిచ్చేది తప్పుల పుస్తకం. తప్పిన ప్రతి లెక్కను వ్రాసుకొని, ఎదుట కారణం వేయవలెను: పాఠం తెలియలేదా, ప్రశ్న సరిగా చదువలేదా, చేతిలెక్క తప్పినదా, వేళ చాలలేదా? నెల తిరిగేసరికి ఏ కారణం ఎక్కువో తేలుతుంది. పాఠం తెలియని తప్పుకు మందు పాఠం. చదువని తప్పుకు మందు, జవాబు పెట్టుటకు ముందు ప్రశ్నలోని చివరి వాక్యం మరొకసారి చదువుట. రెండింటికీ ఒకే మందు వేసి మరో వేయి లెక్కలు చేయుటవల్ల లాభం లేదు. బట్టలో లోపం ఎక్కడ వచ్చినదో చూడకుండా నాడె వేగం పెంచినట్లుంటుంది.

లెక్కల యంత్రం ఉన్నది గదా అని 15 × 12 వంటివానికి కూడా దానిమీద చేయి వేయరాదు. అది కాలం తింటుంది. 20 వరకు వర్గాలు, సామాన్య భిన్నాలకు దశాంశాలు నోటికి రావలెను. జవాబును ఉజ్జాయింపుగా ముందే ఊహించుకొనే అలవాటు ఉంటే, యంత్రంలో మీట తప్పు నొక్కినను పట్టుబడుతుంది.

తల్లిదండ్రులతో నాలుగు మాటలు

మరమగ్గాలు మ్రోగే ఇంటిలో రెండు గంటలు ఏకాగ్రతతో కూర్చొనుట సులభం కాదు. మూడు నెలలపాటు తెల్లవారుజామునో, రాత్రి మగ్గాలు ఆగిన తరువాతనో, ఒక గంటన్నర ఆ బిడ్డకు పని చెప్పకుండా విడిచిపెట్టవలెను. ఆడపిల్ల ఐతే ఈ మాట మరింత గట్టిగా చెప్పవలసి ఉన్నది. వంట, కండెలు, తమ్ముళ్ళ చదువు అన్నీ ఆమె మీద పెట్టి, "మార్కులు ఎందుకు రాలేదమ్మా?" అని అడుగుట న్యాయం కాదు.

ఒకసారి మార్కులు తగ్గినంత మాత్రాన దారి మూసుకుపోదు. 21 రోజుల ఎడం ఉంచి మళ్ళీ వ్రాయవచ్చును. 12 నెలలలో ఐదుసార్ల వరకు అనుమతి ఉన్నది. అనేకసార్లు వ్రాసినవారు తమకు మేలైన ఫలితాన్నే విశ్వవిద్యాలయాలకు పంపే సదుపాయం కలదు. మార్కులు ఐదేండ్లు చెల్లుతవి. కాని తప్పుల పుస్తకం తెరువకుండా, పద్ధతి మార్చకుండా, నెల తిరుగకముందే మళ్ళీ రుసుము కడితే డబ్బు పోవునే గాని మార్కు పెరుగదు. నమూనా పరీక్షలో కావలసిన మార్కు వచ్చిన తరువాతనే అసలు పరీక్షకు తేదీ తీసికొనుట మేలు.

మరొక మాట. లెక్కలలో 170 తెచ్చుకొన్నంత మాత్రాన ప్రవేశం దొరుకుతుందని గాని, ధనసహాయం వస్తుందని గాని ఎవరైన చెబితే నమ్మరాదు. డిగ్రీ మార్కులు, ఉపాధ్యాయుల సిఫారసు ఉత్తరాలు, విద్యార్థి స్వయంగా వ్రాసిన ఉద్దేశపత్రం, ఇంగ్లీషు పరీక్ష - అన్నీ కలిపి చూస్తారు. "ఇన్ని మార్కులు ఖాయం" అని హామీ ఇచ్చి ముందే మొత్తం రుసుము అడిగేవారి దగ్గర ఇల్లో, మగ్గమో తాకట్టు పెట్టిన సొమ్ము పోయరాదు.

సంఘాలు చేయదగినది

మన సంఘ భవనాలు సాయంకాలం వేళ చాలావరకు ఖాళీగా ఉంటవి. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, ఒక కంప్యూటరు, గోడ గడియారం ఉంటే చాలును. వారానికి రెండు రోజులు పిల్లలు కూడి సాధన చేయవచ్చును. ఆ పరీక్ష ఇదివరకు వ్రాసి వెళ్ళిన మన యువకులు, యువతులు తమ పుస్తకాలను, తప్పుల పుస్తకాలను అక్కడ విడిచిపెట్టి పోతే తరువాతి వారికి అవే దారిదీపాలు. ఒకరు చేసిన లెక్కను మరొకరికి వివరించి చెప్పవలసి వచ్చినప్పుడే అది మనకు నిజంగా వచ్చినదో లేదో తెలుస్తుంది. ఖర్చు లేని శిక్షణ ఇంతకంటె వేరే లేదు.

పోగును లెక్కించుట, నంబరు ఎంచుట, అంచుకూ ఒడలికీ పొత్తు కుదుర్చుట మన ఇళ్ళకు కొత్త విద్య కాదు. ఆ విద్యనే కాగితం మీద, గడియారం ఎదుట, మరొక భాషలో చేసి చూపమని ఈ పరీక్ష అడుగుతున్నది. ఏ ఏ ఊళ్ళలో సాయంకాలపు సాధన మొదలుపెట్టదలచినారో ఆ ఊరి సంఘ కార్యదర్శులు రాబోయే సమావేశంలోనే ఈ విషయం చర్చకు పెట్టి, ఈ వేసవి సెలవులు దాటకముందే పని ప్రారంభించెదరని ఆశిస్తున్నాము.